కడిగి పారబోసినవి

గంట. అరవై నిమిషాలు, చీకట్లో, ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనంలో, కదపకుండా ఉంచాలి. రంగు సీసా మీద అచ్చయిన సూచన అది. ఆ మాటకొస్తే ఒకప్పుడు నా విద్యార్థుల చేత నేను వల్లె వేయించిన సూచన కూడా అదే. నలభై నిమిషాలకే మూత ఎత్తి తొంగిచూసినవాడు ఆ వారమంతా త్రాసుల గది తుడవాల్సి వచ్చేది. కాబట్టి నేనిప్పుడు తొంగిచూడను. గోడ గడియారంలో పదీ పది. పదకొండూ పదికి ఇంక్యుబేటర్ తలుపు తీస్తాను. ఇదే గంటలో, ఇక్కడికి నాలుగు వీధుల అవతలి ఆస్పత్రిలో, మా అక్క తల స్కానింగు యంత్రపు గొట్టంలో ఉంటుంది. కదలకుండా పడుకోమని ఆమెకూ చెప్పి ఉంటారు. కదలకుండా ఉండటం ఆమెకు ఈ జన్మలో చేతకాలేదు. ఆమెకు నరంలోకి ఒక రంగు ఎక్కించారు, వీటికి నేను చుక్కలుగా ఒక రంగు వేశాను, అక్కడ ఆమె, ఇక్కడ ఇవి... పోలిక దొరకగానే మనసు సంబరపడుతుంది, అదే దాని జబ్బు. పోలిక రుజువు కాదని నలభయ్యేళ్ళు సభల్లో చెప్పినవాణ్ణి, ఈ ఎత్తు స్టూలు మీద కూర్చోగానే పోలికలు ఏరుకుంటున్నాను.

ఇంక్యుబేటర్ లోపల, వెలుతురు సోకకుండా రేకు చుట్టిన పెట్టెలో, అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పళ్ళేలు రెండున్నాయి. రెండిటిలోనూ మెదడు కణితి కణాలే. ముప్పయ్యేళ్ళ క్రితం ఎవరి తలలోంచో తీసినవి; ఆ మనిషి ఆ ఏడాదే పోయాడు, ఇవి మాత్రం పోషకద్రవం తాగుతూ, చీలుతూ, ఒక పళ్ళెంలోంచి ఇంకో పళ్ళెంలోకి కాపురాలు మారుస్తూ ఇప్పటికీ ఉన్నాయి. అక్క మింగుతున్న మందునే అయిదు రోజులపాటు వీటికీ పోశాం. నిన్న కడిగాం. కడిగాక అడుగున అంటుకుని మిగిలినవి మొదటి పళ్ళెంలో ఉన్నాయి. కడిగిన నీళ్ళతోపాటు ఊడి వచ్చినవి రెండో పళ్ళెంలో, మందు లేని తాజా పోషకద్రవంలో ఉన్నాయి. ఒకప్పుడు నేను లెక్కలోకి తీసుకోకుండా సింకులో పారబోయించినది సరిగ్గా ఈ రెండోదాన్నే. బతికిన కణం ఈ రంగుకు పచ్చగా వెలుగుతుంది, చచ్చినది ఎర్రగా. రెండో పళ్ళెం ఎర్రగా ఉండాలి. ఎర్రగా ఉంటే ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుంటాను. ఉండకపోతే ఏం చెయ్యాలో ఇంకా ఆలోచించలేదు. ఆలోచించలేదనడం కూడా అబద్ధమే, వారం రోజులుగా వేరే ఏమీ ఆలోచించడం లేదు.

ఈ ప్రయోగశాల ఇప్పుడు నా శిష్యురాలిది. నా బల్ల స్థానంలో ఆమె బల్ల ఉంది, నా గోడ మీద ఆమె పటాలు. వారం క్రితం ఫోన్ చేసి ఒక మూల కాస్త చోటివ్వమంటే కారణం అడగలేదు. అడగకపోవడంలో ఉన్న మర్యాద నాకు గుచ్చుకుంది. ఇందాక పాఠం చెప్పడానికి వెళుతూ తలుపు దగ్గర ఆగింది.

"సార్, రంగు దాకా ఎందుకు? మామూలు మైక్రోస్కోపులో ఒక్కసారి చూసుకోండి. నాకైతే పొద్దున్నే..."

"పొద్దున్నే ఏమిటి?"

"ఏం లేదు సార్. కంటికి ఆనింది రుజువు కాదని మీరేగా అంటారు." నవ్వబోయి మానేసింది. "కాఫీ కావాలంటే ఆ మూల మిషను ఉంది. అది మాత్రం గంట ఆగమనదు."

పొద్దున్నే ఆమె ఏదో చూసింది. ఆ వాక్యం అక్కడ తెగిపోయిన తీరు నాకు తెలుసు, డాక్టర్ల నోట చాలాసార్లు విన్నాను. ఇంక్యుబేటర్ సన్నగా హోరుమంటోంది. ముప్పై ఏడు డిగ్రీలు, ఒంటి వేడి. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే అమ్మ అరచేతితో చూసేది, అక్క థర్మామీటరు పెట్టి చూసేది. పన్నెండేళ్ళ పిల్ల, తనకంటే ఆరేళ్ళు చిన్నవాణ్ణి కదలనివ్వకుండా దవడ పట్టుకుని, గోడ గడియారం చూస్తూ "ఇంకా అర నిమిషం ఉంది, నోరు ముయ్యి" అనేది. చేతికి వేడిగా తగిలితే జ్వరం కాదు, గీత దాటితే జ్వరం. నాకు హేతువాదం నేర్పింది పుస్తకాలని జనం అనుకుంటారు, నేనూ సన్మాన సభల్లో అలాగే చెప్పాను. కాదు. ఆ అర నిమిషం నేర్పింది.

పదీ ఇరవై రెండు. నలభై రోజుల క్రితం అక్క వంటింటి బల్ల మీద పద్నాలుగు పేజీల అంగీకారపత్రం పరిచి ఈ మందు సంగతి వివరించింది నేనే. కణం ఒంటి మీద గ్రాహకాలుంటాయి, బయటినుంచి వృద్ధి కారకాలనే అణువులు వచ్చి వాటికి తగులుకుంటే లోపలికి ఒక కబురు పోతుంది, పెరుగు, రెండుగా చీలు అని. మామూలు కణం మీద అవి పొదుపుగా ఉంటాయి, కణితి కణం మీద కిక్కిరిసి ఉంటాయి. ఈ మాత్ర ఆ గ్రాహకాలను మూసేస్తుంది. ఆమె గళ్ళ నుడికట్టు పూరిస్తూనే విన్నది. ఆ ఆట ఆమె రోజూ ఆడేది, పెన్సిలుతో కాదు, పెన్నుతో.

"అంటే దానికి చెవుడు తెప్పిస్తారన్నమాట."

"అలాగే అనుకో."

"చెవుడొస్తే చస్తుందట్రా?"

"పెరగమన్న మాట వినపడకపోతే పెరగదు. చాలా వరకు చస్తాయి కూడా. లెక్కపెట్టి చూశాం."

"మీ బావ ముప్పయ్యేళ్ళు చెవిటివాడిలా నటించారు. చచ్చారా? నేను పిలిస్తే ఉలకరు పలకరు. నేను అటు తిరగ్గానే చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వీధిలోకి జారుకునేవారు. పేకాటకి."

నవ్వాను. పొలమారేలా నవ్వాను. ఆమె కూడా నవ్వి, నుడికట్టు పెన్నుతోనే పద్నాలుగు చోట్లా సంతకం పెట్టి, "నీ మందే కదరా, నాకు తెలిసినవాడి చేతి మందు" అంది. నా మందు కాదు. ఆ మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు, వినడానికి బాగుంది కాబట్టి. ఒక మందు వెనక వందలమంది ఉంటారు. నాది ఒక వ్యాసం, అందులో ఒక గ్రాఫు. మందు మోతాదు పెరిగేకొద్దీ కిందికి దిగే గీత, నూటికి ఎనభై కణాలు పోయేదాకా. కొండ దిగుతున్నట్టు సాఫీగా, ఒక్క కుదుపు లేకుండా దిగిన గీత. అంత సాఫీగా దిగినందుకే దాన్ని అనుమానించి ఉండాలి. ఆ వ్యాసంలో నాకు గీత కంటే ముద్దయినది పద్ధతి: లెక్కపెట్టేముందు ప్రతి పళ్ళేన్నీ ఉప్పునీటితో రెండుసార్లు కడగాలి. ఒకసారి కాదు, రెండుసార్లు. పిల్లలు నన్ను చాటున 'రెండుకడుగుల మాస్టారు' అనేవాళ్ళు, నాకు తెలిసీ తెలియనట్టుండేవాణ్ణి, లోపల గర్వంగా ఉండేది. చచ్చిన కణం పట్టు వదిలి తేలుతుంది, బతికినది అడుగును పట్టుకునుంటుంది, తేలేవి కడిగేస్తే లెక్క శుభ్రంగా ఉంటుంది. తేలేవన్నీ చచ్చినవేనా అన్న ప్రశ్న ఆ వాక్యంలోనే ఉంది, తలుపు బార్లా తెరుచుకుని ఉంది. నేను ఆ గుమ్మం ముందునుంచి పదేళ్ళు రోజూ నడిచాను. నా తరవాత మరో ఆరు ప్రయోగశాలలు నా పద్ధతినే తీసుకున్నాయి, ఆరిటికీ నా గీతే వచ్చింది. ఏడుచోట్ల ఒకే ఫలితం వచ్చిందని మేం సంతోషించాం. ఏడుచోట్లా ఒకటే సింకు.

ఇతరుల విషయంలో నా చూపు ఎంత చురుకు! మహిమలున్నాయని చెప్పుకునే స్వామి ఒకాయన ఉండేవాడు, వేదిక మీద కూర్చుని కళ్ళు మూసుకుని నాడి ఆపేవాడు. డాక్టర్లే వచ్చి మణికట్టు పట్టుకుని, నిజమే ఆగిందని బిత్తరపోయి దిగిపోయేవారు. నేనెళ్ళి ఆయన మణికట్టు ముట్టుకోలేదు. కండువా తొలగించి చంకలో చూశాను, నిమ్మకాయంత రబ్బరు బంతి. దాన్ని గట్టిగా నొక్కితే చేతికి రక్తం ఆగుతుంది, గుండె మాత్రం తన మానాన తను కొట్టుకుంటూనే ఉంటుంది. మరునాడు పత్రికల్లో నా ఫొటో. అందరూ మణికట్టునే చూస్తున్నారు, చూడమన్నచోట చూడకపోవడమే శాస్త్రం అని ఏదో అన్నాను, చప్పట్లు కొట్టారు. చూడమన్నచోట. పళ్ళెం అడుగున చూడమని నాకు చెప్పింది ఎవరు? నేనే. నా చంకలో బంతి నాకు తగలలేదు.

పదీ ముప్పై అయిదు. తగల్లేదనడం కూడా నిజం కాదు, ఒకరు తగిలించారు. సీసాలు కడిగే ఆవిడ, పొట్టిగా, ఎప్పుడూ తడిచేతులతో. పేరుతో పిలిచిన గుర్తు లేదు, అందరం సీసాలమ్మ అనేవాళ్ళం. ఒక సోమవారం పొద్దున ఒక సీసా పట్టుకుని నా గదిలోకి వచ్చింది. కడిగిన నీళ్ళు పోసే సీసా అది. అందులో క్రిమినాశిని వెయ్యడం శుక్రవారం ఎవరో మరిచిపోయారు, ఆ సీసా రెండురోజులూ వెచ్చటి గదిలో ఉండిపోయింది.

"సార్, ఇది కడుగుతుంటే రావట్లేదండీ. అడుగున పట్టేసింది."

"బూజు పట్టి ఉంటుంది."

"బూజు నాకు తెలీదాండీ? ఇరవయ్యేళ్ళ నుంచి కడుగుతున్నా. బూజు జారుతుంది, బ్రష్షు పెడితే పోతుంది. ఇది పట్టుకుని ఉంది. మీ మంచి పళ్ళేల్లో ఉంటుంది చూడండి, అట్లా."

"సోడా వేసి రుద్దు."

"ఒకసారి ఆ భూతద్దాల కింద పెట్టి చూస్తారేమోనని తెచ్చానండీ."

నాకు పది గంటలకు సమావేశం ఉంది. నిమిషం పట్టేది, మైక్రోస్కోపు చెయ్యి చాస్తే అందే దూరంలో ఉంది, దాని దీపం వెలుగుతూనే ఉంది కూడా. నేను ఆవిడతో ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "నువ్వు అనుకుంటే సరిపోదమ్మా, రుజువు కావాలి." చేతిలో రుజువు పట్టుకుని నిలబడ్డ మనిషితో. ఆవిడ సీసా వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. కాసేపటికి వరండాలో బ్రష్షు చప్పుడు వినిపించింది, చాలాసేపు వినిపించింది. సోడా వేసి రుద్దుతోంది. ఇరవై రెండేళ్ళయింది. ఆ చప్పుడు నా చెవిలో ఉన్నట్టు ఇన్నాళ్ళూ తెలియదు; వారం క్రితం, అక్క ఇంట్లో, నుడికట్టు చూసినప్పుడు మొదలైంది.

నుడికట్టు. అక్కడికే వస్తాను, ఎటు తిరిగినా. వారం క్రితం పొద్దున వెళితే అక్క పత్రిక ముందు కూర్చుని ఉంది, కళ్ళజోడు ముక్కు మీద, ఎప్పటిలాగే ధీమాగా. కుడివైపు గళ్ళన్నీ నిండాయి, తప్పుల్లేవు. ఎడమవైపు నాలుగు నిలువు వరసలు తెల్లగా ఉన్నాయి. కష్టమై వదిలేసినట్టు కాదు, ఆ గళ్ళే లేనట్టు. "ఇటు పూరించలేదేమే?" అంటే "ఎటు?" అంది. "మొత్తం అయిపోయింది కదరా, ఇవాళ మరీ తేలికగా ఇచ్చారు" అంది. నేను పత్రికను కుడివైపుకు జరిపాను, అప్పుడు చూసి, "ఇదెవరు ఇక్కడ పెట్టారు?" అని నవ్వింది. పక్కనే ఉన్న మేనకోడలు నవ్వలేదు. మందు మొదలైన నాటినుంచి ఉద్యోగానికి సెలవు పెట్టి తల్లిని అంటిపెట్టుకుని ఉంది, గడప దాటితే చాలు చెయ్యి పట్టుకుంటుంది. డాక్టరుకు ఫోన్ చేస్తే వాపు వల్ల కావచ్చన్నాడు. కావచ్చు. గడ్డ ఉన్నది కుడి చెవి వెనక కింది భాగంలో, ఎడమవైపు లోకాన్ని చూసుకునే మెదడు భాగం దానికి చాలా పైన. వాపు అంత దూరం పోదనలేను. పోతుందనీ అనలేను. ఏదో నడిచి వెళ్ళి ఉండవచ్చు కూడా. చెప్పులు చేత్తో పట్టుకుని.

డాక్టరు మంచివాడు, కుర్రతనం ఇంకా పోలేదు. మొదటిసారి నన్ను చూసి లేచి నిలబడ్డాడు, "మీ గ్రాఫు మా పాఠ్యపుస్తకంలో ఉండేది సార్" అన్నాడు, అక్క నా డొక్కలో మోచేత్తో పొడిచింది. ఇవాళ్టి స్కానుతో తేల్చేస్తామన్నాడు. గడ్డ తగ్గితే మాత్రలే కొనసాగిస్తారు, రేడియేషన్ వాయిదా పడుతుంది, మళ్ళీ స్కాను మూడునెలల తరవాతే. తగ్గకపోతే సోమవారం నుంచి రేడియేషన్. తగ్గాలని అందరూ కోరుకుంటున్నారు. నేను మాత్రం తగ్గకూడదని కోరుకుంటున్నట్టు ఇప్పుడే గమనించాను. స్కాను చూసేది గడ్డను, ఉన్నచోట ఉన్నదాన్ని, గుంపుగా ఉన్నదాన్ని. ఒకటీ రెండుగా విడిపోయి మెదడు పోగుల వెంట జారుకునేవాటికి ఆ రంగు అంటదు, ఆ యంత్రానికి అవి కనపడవు. పళ్ళెం అడుగు చూసి లెక్కపెట్టే మాస్టారే అక్కడా కూర్చున్నాడు.

పదీ యాభై. వాదించుకుంటాను, పద్ధతిగా. పళ్ళెం మెదడు కాదు. ఈ కణాలు అక్క కణాలు కావు. ప్లాస్టిక్ మీద జరిగింది మనిషిలో జరగాలని లేదు. ఎన్ని మందులు పళ్ళెంలో గెలిచి మంచం మీద ఓడిపోయాయి! నిజమే. ఈ వాదన మరి ఆ రోజు ఎక్కడికి పోయింది, గీత కిందికి దిగిన రోజు? అప్పుడు పళ్ళెం మెదడుకు సరిపోయింది, ఇప్పుడు సరిపోదా? ఎదుటివాడు ఇలా మాట్లాడితే వేదిక మీదనే ఉతికి ఆరేసేవాణ్ణి. మరో సంగతి కూడా గమనిస్తున్నాను: గత పది నిమిషాలుగా నా కుడి బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద వరసగా నడుస్తోంది, అమ్మ జపం చేసినట్టు. ఎవరినీ తలుచుకోవడం లేదు, మాటలేమీ లేవు, వేలు మాత్రం నడుస్తోంది. చెయ్యి జేబులో పెట్టుకున్నాను. జేబులోనూ నడుస్తోంది.

పదకొండూ అయిదు. కిటికీ అవతల శిష్యురాలి పాఠం గొంతు వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు, ఒకచోట పిల్లలు నవ్వారు. సింకు పక్కన కడిగిన సీసాలు బోర్లించి ఉన్నాయి, ఒక్కొక్కదాని అంచునుంచి ఒక్కో చుక్క. కడగడమనే పనిలో ఎంత తృప్తి ఉందో. చేతులు కడుక్కున్నాం, లెక్క కడిగాం, శుభ్రమైంది. పోయింది ఎక్కడికో పోయింది, గొట్టం ఎటు తీసుకుపోతుందో ఎవరు చూశారు? అక్క ఇప్పుడు గొట్టంలోంచి బయటికి వచ్చి ఉంటుంది. బట్టలు మార్చుకుంటూ ఉంటుంది. ఎడమ చెయ్యి తొడగడం మరిచిపోయి ఉంటుందేమో.

పదకొండూ పది. నిలబడ్డాను. మోకాళ్ళు పట్టేశాయి. పెట్టె తీసి, పక్కనున్న చీకటి గదిలోకి వెళ్ళి, తలుపు మూసి, ముందు మొదటి పళ్ళెం పెట్టాను, క్రమం తప్పకూడదు. అడుగున అక్కడక్కడా పచ్చటి కణాలు, పలచగా, ముడుచుకుని. నూటికి ఇరవై, నా గీత చెప్పినట్టే. గీత అబద్ధమాడలేదు, అడిగినంతవరకే చెప్పింది. తరవాత రెండోది. చీకట్లో దాని అంచు చేతికి తగిలింది, పెట్టాను, దీపం మీట నొక్కాను, కళ్ళు మూసుకుని ఉన్నానని కాసేపటికి గానీ తెలియలేదు. తెరిచాను.

పచ్చ. ఒకటీ అరా ఎర్ర చుక్కలు, మిగతా అంతా పచ్చ. చిన్న చిన్న బంతులుగా, ద్రాక్షగుత్తుల్లా, ఒకదాన్నొకటి పట్టుకుని తేలుతున్నవి. నా చూపు అడుగుకు దింపితే అక్కడ ఇంకా కొన్ని, దిగినవి, దిగి అటూ ఇటూ సన్నటి కాళ్ళు చాచినవి, కొత్త ప్లాస్టిక్‌ను తడుముతూ, పట్టుకుంటూ. పక్కపక్కనే రెండు, ఇప్పుడే ఒకటి నుంచి చీలినవి. మందు ఉన్నంతసేపూ చీలలేదు, నిజమే. ఆగాయి. ఆగి, పట్టు వదిలి, మేం పారబోస్తే వేరేచోట దిగడానికి ఎదురుచూశాయి. అందంగా ఉన్నాయి. అది కూడా రాసుకోవాలి, ఉన్నది ఉన్నట్టు రాయాలంటే.

జేబులో ఫోన్ మోగింది. చీకట్లో తెర వెలుగు భరించలేనంతగా ఉంది. మేనకోడలు.

"మామయ్యా!" ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ. "తగ్గిందట మామయ్యా! సగానికి పైనే తగ్గిందట! డాక్టరుగారు ఇంకెవరికో కూడా చూపిస్తున్నారు. రేడియేషన్ అక్కర్లేదట ఇప్పుడే. ఉండు, అమ్మ మాట్లాడుతుందట, స్పీకరు పెడుతున్నా."

"ఒరేయ్," అంది అక్క. ఆ గొంతులో ఇరవయ్యేళ్ళ వయసు తగ్గింది. "విన్నావా? నీ మందు గెలిచింది. ఆ కుర్ర డాక్టరు నన్ను ఎగ్జిబిషన్లో బొమ్మలా చూస్తున్నాడు. నువ్వు ఎక్కడ చచ్చావు? వచ్చి స్వీటు తినిపించి పో."

కళ్ళ ముందు ఇంకా పచ్చ ఉంది. "వస్తానే. అక్కా, ముందొక మాట చెప్పు. ఎడం చేతిలో ఏం పట్టుకున్నావు?"

"ఎడం చేతిలోనా?" ఆమె ఆగింది. వెతుకుతున్నట్టు ఆగింది. "ఏమీ లేదే. ఎందుకు?"

 వెనక ఏదో బండి చక్రాలు దొర్లిపోయాయి. తరవాత మేనకోడలి గొంతు, చాలా చిన్నగా:

"అమ్మా... నా చెయ్యి పట్టుకుని ఉన్నావు కదే."

చీకటి గదిలో దీపం అలాగే వెలుగుతోంది. ఆపలేదు.

"స్పీకరు తీసెయ్యమ్మా," అన్నాను. "డాక్టరుగారికి ఇవ్వు. ఇంటికి పంపకముందే ఇవ్వు."

ఫోన్ చేతులు మారుతున్న చప్పుడు. "నమస్కారం సార్! కంగ్రాచ్యులేషన్స్, మీ గ్రాఫులాగే..."

"కొలిచిన గడ్డను వదిలెయ్యండి," అన్నాను. "దానికి పైన, వెనక్కి, ఎవరూ కొలవనిచోట చూడండి. ఎందుకో చెబుతాను, అడ్డు రాకుండా వినండి. లెక్కపెట్టేముందు నేను ప్రతి పళ్ళేన్నీ రెండుసార్లు కడిగేవాణ్ణి."